ఎన్ని రాత్రులు వెలుగుతుందో అడిగి కొనండి

సూర్యాపేట: పెద్దగట్టు జాతరకు పోయి వచ్చిన వారికి ఆ చీకటి సంగతి చెప్పనక్కరలేదు. దురాజుపల్లి లింగమంతుల స్వామి జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో జరుగుతుంది. 2023లో ఫిబ్రవరి 5 నుంచి 9 వరకు, 2025లో ఫిబ్రవరి 16 నుంచి 20 వరకు జరిగింది. గట్టు మీద విద్యుద్దీపాలు పట్టపగలును తలపిస్తాయి. భేరీల చప్పుడు, 'ఓ లింగా' అనే కేకలు తెల్లవారే దాకా ఆగవు. కాని గట్టు దిగి చెలకల్లోకి వంద అడుగులు వేస్తే కన్ను పొడిచినా కానరాని చీకటి. ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు విడిచి, పరదాలు కట్టుకుని, మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుని కుటుంబాలకు కుటుంబాలు రెండు మూడు రాత్రులు గడిపేది అక్కడే. పట్నాల్లో యువకులు డబ్బు కట్టి అడవులకు పోయి డేరాల్లో పడుకుని వస్తున్నారు. మన వాళ్లకు అది తాతల నాటి అలవాటు.

2025 జాతర రెండో రాత్రి ఈ విలేకరి కూడా కుటుంబంతో అక్కడే ఉన్నాడు. చేతిలో కొత్త బ్యాటరీ లైటు. అర కిలోమీటరు దూరం పడుతుందని చెప్పి ఒక దుకాణదారు అంటగట్టినది. సాయంత్రం ఏడు గంటలకు వెలిగిస్తే గట్టు మీది జనం ముఖాలు కనిపించాయి. పిల్లలు మురిసిపోయారు. తొమ్మిదిన్నరకు అది రెండుసార్లు మినుకుమని ఆరిపోయింది. అత్తమ్మ నీళ్లు తెమ్మంటే బిందె కోసం వెతుకుతూ ఎవరిదో ఆర్పీ ఆర్పని పొయ్యిలో కాలు పెట్టడం జరిగింది. బొబ్బలు మానడానికి పదిహేను రోజులు పట్టింది.

పక్క విడిదిలో ఉన్న ఒక వృద్ధుడు గొర్రెల కాపరి. తన లైటు పట్టుకుని వచ్చి కాలి మీద నీళ్లు పోశాడు. ఆయన లైటు పాతకాలపు రెండు సెల్లుల ఇనుప గొట్టం. లోపల బల్బు మాత్రం కొత్త రకం. వెలుగు పెద్దగా లేదు, నాలుగైదు గజాలు పడుతుంది. దసరాకు వేసిన సెల్లులే ఇంకా నడుస్తున్నాయట. 'గంత దూరం కనబడి ఏం జేస్తవ్ బిడ్డా, కాలు కాడ కనబడాలె గాని' అన్నాడు. కాలు మంట మీద ఆ మాట అప్పుడు రుచించలేదు. తరువాత కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట బజార్లలో లైట్ల దుకాణాలు తిరిగి, నాలుగు లైట్లు కొని, విప్పి, వెలిగించి చూసిన మీదట ఆయన మాటే లెక్కకు నిలిచింది.

నాలుగు చోట్ల చీకటి

జాతర రెండేళ్లకు ఒకసారి. కాని మన ప్రాంతంలో రాత్రిపూట ఇల్లు విడిచి ఉండవలసిన పనులు ఏడాది పొడుగునా ఉన్నాయి.

సాగర్ ఎడమ కాలువ కింద నీళ్లు వదిలినప్పుడు కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ రైతులు రాత్రి తూముల దగ్గర కాపలా ఉంటారు. కాలువ చివరి భూముల వారికి నీరు అందేదే అర్ధరాత్రి తరువాత. పైనున్న వారి మడులు నిండి, ఎవరూ గండి కొట్టని వేళ చూసుకుని పోవాలి. బోర్ల కింద సేద్యం చేసే వారి కష్టం కొంత తగ్గింది. 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలు కాక ముందు, రాత్రి విడతలో కరెంటు వచ్చిందంటే చెప్పులు కూడా వేసుకోకుండా మోటారు దగ్గరకు పరుగెత్తిన రోజులు ముప్పై ఏళ్లు దాటిన ప్రతి రైతుకూ గుర్తే.

మిర్యాలగూడలో కోతల కాలం వచ్చిందంటే రైస్ మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరుతాయి. కొన్ని సీజన్లలో టోకెన్లు పెట్టినా వరుస తగ్గలేదు. రైతు ట్రాలీ కిందనో, వడ్ల మీదనో పడుకుంటాడు. అదీ విడిదే.

ఇక కాపరులు. కోతలు అయిపోగానే మందలను తోలుకుని మాగాణి వైపు దిగుతారు. ఎరువు కోసం రైతులు తమ చేలో మంద పెట్టించుకుంటారు. ఒక రాత్రి ఒక చేను, మరునాడు ఇంకో చేను. గొంగడి పరుచుకుని మంద పక్కనే నిద్ర. కుక్కలు, నక్కలు, దొంగలు. నెలల తరబడి ప్లగ్గు పాయింటు వారి చేతికి దూరం.

నాలుగవది చెప్పి రాని చీకటి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన కుండపోతకు కోదాడ పట్టణంలోకి నీళ్లు వచ్చాయి. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం వద్ద ఎడమ కాలువకు గండి పడింది. అలాంటి రాత్రి ఇంట్లో లైటు ఎక్కడుందని వెతకడం ఒక ఎత్తు, దొరికిన లైటు వెలగడం ఇంకో ఎత్తు.

పాము చూసే వెలుగు

లైటు ఆరితే కాలు కాలడం చిన్న సంగతి. 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయి ఉంటారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ మరణాలు జరిగే రాష్ట్రాల జాబితాలో తెలంగాణ కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. చనిపోయిన వారిలో అత్యధికులు పల్లెల వారు. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. అంటే మనకు నార్లు పోసి నాట్లు వేసే కాలం. పాముకాటు కేసులను తప్పనిసరిగా తెలియజేసే విధానం పెట్టాలని 2024 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలను కోరింది.

రక్తపింజర ఒడ్డు పక్కన గడ్డిలో కదలకుండా పడి ఉంటుంది. తొక్కితే కాటు వేస్తుంది. కట్లపాము రాత్రిపూట తిరిగేది. నేల మీద పడుకున్న వారి పక్కలోకి చేరుతుంది. కాటు నొప్పి కూడా అంతగా తెలియదు. ఈ రెండింటికీ అర కిలోమీటరు దూరపు వెలుగుతో పని లేదు. అడుగు పడే చోట రెండు గజాలు, పక్క మీద చెయ్యి పెట్టే ముందు ఒక గజం కనిపిస్తే చాలు. ఆ కాస్త వెలుగు తెల్లవారే దాకా ఉండాలి. దురదృష్టవశాత్తు కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం మాని కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. అందుకోసమైనా సెల్‌ఫోన్‌ను టార్చిలైటుగా వాడి చార్జింగ్ ఊడగొట్టుకోరాదు. ఫోన్ చేతిలో పట్టుకుని ఒడ్డు మీద నడిచి, జారి, బురదలో పడేసుకున్న వారు ఊరికి ఇద్దరు ముగ్గురైనా ఉన్నారు.

సెల్లులు ఎండబెట్టిన రోజులు

టార్చిలైటుకు అమెరికాలో పేటెంటు వచ్చింది 1899లో. అప్పటి సెల్లులు ఎంత బలహీనమంటే ఎక్కువ సేపు వెలిగిస్తే ఆగిపోయేవి. అందుకే మీట నొక్కి ఒక్క మెరుపు మెరిపించి వదిలేవారు. ఇంగ్లీషులో దానికి ఫ్లాష్‌లైటు అనే పేరు అలా వచ్చిందని చెబుతారు. మన దేశంలో యూనియన్ కార్బైడ్ వారు లక్నోలో టార్చిలైట్ల ఫ్యాక్టరీ పెట్టింది 1958లో. ఎవరెడీ పేరు పల్లెపల్లెకు వెళ్లింది. 1972లో స్థాపించిన ఇండో నేషనల్ కంపెనీ నెల్లూరులో నిప్పో సెల్లులు తయారు చేసింది. మన తెలుగు నేల మీది సెల్లు అది.

కందిలి పట్టుకుని పోయే రోజుల్లో మూడు సెల్లుల లైటు ఉన్న ఇల్లంటే కలిగిన ఇల్లు. పెళ్లికొడుకుకు సైకిలు, గడియారంతో పాటు బ్యాటరీ లైటు పెట్టిన ఊళ్లు ఉన్నాయి. సెల్లులు డబ్బు పెట్టి కొనాలి కనుక వెలుగు తగ్గగానే తీసి ఇంటి ముందు అరుగు మీద ఎండబెట్టేవారు. మరునాడు రాత్రి కాసేపు వెలిగేది. ఇది ఒట్టి భ్రమ కాదు. వేడికి లోపలి రసాయన చర్య కొంచెం వేగం పుంజుకుంటుంది. విశ్రాంతి ఇచ్చినందుకు కూడా సెల్లు కొంత తేరుకుంటుంది. అయితే అయిపోయిన జింకు ఎండకు తిరిగి రాదు. పది నిమిషాల వెలుగు కోసం పెట్టిన సెల్లు కారి, గొట్టమంతా తుప్పు పట్టించిన సందర్భాలే ఎక్కువ. మా ఇంట్లో నాన్న లైటు అలాగే పోయింది.

అప్పటి గాజు బల్బుకు సుమారు 300 మిల్లీ ఆంపియర్ల కరెంటు కావాలి. అందులో ఎక్కువ భాగం వేడిగా పోయేది. ఎల్ఇడి వచ్చి ఈ కథ మార్చింది. నీలి రంగు ఎల్ఇడిని సాధించిన జపాను శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ నీలి వెలుగు మీద పసుపు పూత పూస్తే తెల్ల వెలుగు వస్తుంది. నేడు బజారులో దొరికే ప్రతి తెల్ల లైటు గుట్టు అదే. పాత బల్బు ఇచ్చిన వెలుగునే ఎల్ఇడి సుమారు పదో వంతు కరెంటుతో ఇస్తుంది. కాబట్టి లైటు పదింతలు ఎక్కువ కాలం వెలగాలి. వెలగడం లేదు. ఎందుకంటే తయారు చేసే వారు మిగిలిన కరెంటునంతా దూరం కోసమే ఖర్చు పెడుతున్నారు. దూరం రెట్టింపు కావాలంటే వెలుగు నాలుగింతలు కావాలి. ఎక్కువ దూరం పడే లైటే మంచి లైటని కొనేవారు అనుకున్నంత కాలం అమ్మేవారు అదే అమ్ముతారు.

లెక్క చాలా చిన్నది

సెల్లు మీద మిల్లీ ఆంపియర్ అవర్ (ఎంఏహెచ్) అని ఒక అంకె ఉంటుంది. అది బిందెలో ఉన్న నీళ్లు అనుకోండి. లైటు తాగే కరెంటు గంటకు ఎన్ని చెంబులు అన్నది. బిందెను చెంబులతో భాగిస్తే గంటలు వస్తాయి. మామూలు పెద్ద సెల్లులో, అంటే పాత టార్చిలో వేసే లావు సెల్లులో, తక్కువ కరెంటుకు వాడితే ఉజ్జాయింపుగా 5000 ఉంటుందనుకుందాం. పాత బల్బు 300 తాగితే పదహారు గంటలు. అందులో సగం కాలం గుడ్డి వెలుగే. 50 మాత్రమే తాగే ఎల్ఇడి బల్బు వేస్తే వంద గంటలు. రాత్రికి రెండు గంటల చొప్పున యాభై రాత్రులు. కాపరి తాత దసరాకు వేసిన సెల్లులు మాఘం దాకా రావడంలో మాయ లేదు. ఆయన అవసరానికే వెలిగిస్తాడు.

రీచార్జి లైట్లలో ఇప్పుడు వస్తున్నది లిథియం సెల్లు. 18650 అని పేరు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు అని దాని అర్థం. ఈ సైజులో పేరున్న కంపెనీల మంచి సెల్లుకు కూడా 3500 దరిదాపుల్లో ఉంటే గొప్ప. చౌక లైట్లలో 1200 మాత్రమే ఉండడం మామూలు. బజారులో అదే సైజు సెల్లు మీద 9900 అని అచ్చు వేసి అమ్ముతున్నారు. అది పచ్చి అబద్ధం. ఆ అంకె చూసి ఎక్కువ ధర పెట్టవద్దు.

డబ్బా మీద గంటల గురించి కూడా ఒక మెలిక ఉంది. టార్చిలైట్లను కొలవడానికి అమెరికాలో 2009లో ఒక ప్రమాణం పెట్టారు. చాలా కంపెనీలు దానినే పాటిస్తున్నాయి. దాని ప్రకారం మొదట ఉన్న వెలుగు పదో వంతుకు పడిపోయే దాకా లైటు వెలిగినట్టే లెక్క. డబ్బా మీద పది గంటలు అని ఉంటే పది గంటలూ అదే వెలుగు ఉంటుందని కాదు. మొదటి గంటకే సగం తగ్గి, ఆ తరువాత ఈడుస్తూ పోయినా పది గంటలని రాయవచ్చు. చౌక లైట్ల డబ్బాల మీద ఈ మాత్రం కొలత కూడా ఉండదు, తోచిన అంకె వేస్తారు.

దండెం మీద నాలుగు లైట్లు

ఒక శనివారం సాయంత్రం ఇంట్లో దండేనికి నాలుగు లైట్లు వేలాడదీసి వెలిగించడం జరిగింది. ఇంట్లో వాళ్లు నవ్వారు. పక్కింటి పిల్లలు దీపావళి ముందే వచ్చిందన్నారు.

మొదటిది ప్లగ్గుకు గుచ్చి చార్జి చేసే పెద్ద పిడి లైటు. లోపల మోటారు సైకిలు బ్యాటరీ వంటి సీసం బ్యాటరీ, నాలుగు వోల్టులది. మూడు నెలలు బీరువా మీద పడి ఉన్నది. ముందు రోజు రాత్రంతా చార్జి పెట్టినా నలభై నిమిషాలకు చచ్చింది. సీసం బ్యాటరీ గుణమే అంత. ఖాళీగా మూలన పెడితే లోపలి పలకలకు తెల్లని పొర పట్టి మళ్లీ చార్జి తీసుకోదు. నెలకోసారి చార్జి పెట్టే ఓపిక ఉన్న వారికి, రోజూ ఇంట్లో వాడే వారికి పనికి వస్తుంది. రెండేళ్లకోసారి జాతరకు తీసే వారికి కాదు.

రెండవది జాతరలో ముంచిన దూరపు లైటు. పెద్ద వెలుగు మీద రెండు గంటలకు కొద్దిగా లోపలే ఆరింది. మూడవది అరచేతిలో ఇమిడే చిన్న లైటు, అదీ లిథియం సెల్లుదే, సెల్‌ఫోన్ తీగతోనే చార్జి అవుతుంది. దీనికి మూడు రకాల వెలుగు. అన్నింటికన్నా చిన్న వెలుగు మీద పెట్టడం జరిగింది. రాత్రికి పన్నెండు గంటల చొప్పున వెలిగిస్తూ పగలు ఆర్పుతూ వస్తే మంగళవారం రాత్రి తెల్లవారుజామున ఆరింది. నాలుగు రాత్రులు. ఆ వెలుగులో పేపరు చదవవచ్చు, పొయ్యి మీద కూర చూసుకోవచ్చు. రెండవ లైటులో ఉన్నదీ ఇంచుమించు ఇంతటి సెల్లే. తేడా అంతా ఆ చిన్న వెలుగు మీటలోనే ఉంది.

నాలుగవది తాత లైటు వంటిదే. రెండు పెద్ద సెల్లులు, ఎల్ఇడి బల్బు. దానికి కూడా రాత్రికి పన్నెండు గంటలే. ఏడో రాత్రికి బాగా మసకబారినా ఆరలేదు. ఇందులో ఒక చిక్కు ఉంది. తెల్ల ఎల్ఇడికి సుమారు మూడు వోల్టులు కావాలి. రెండు కొత్త సెల్లులకు మూడు వోల్టులు ఉంటాయి, వాడే కొద్దీ తగ్గుతాయి. సెల్లులో ఇంకా సరుకు ఉండగానే వెలుగు మసకబారుతుంది. వోల్టేజి పెంచే చిన్న సర్క్యూట్ ఉన్న బల్బు అడిగి కొంటే, లేదా మూడు సెల్లుల గొట్టం వాడితే ఈ నష్టం ఉండదు. అటకల మీద తుప్పు పడుతున్న పాత స్టీలు లైట్లను ఆక్రీ వాడికి వేయకుండా, తగిన వోల్టేజి బల్బు వేసి చూడమని పాఠకులకు మనవి.

ఎవరికి ఏది

రాత్రికి ఎన్ని గంటలు కావాలి, మళ్లీ ప్లగ్గో కొట్టో ఎన్ని రోజులకు దొరుకుతుంది అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలా వరకు తేలిపోతుంది.

కాపరులకు ఈ విలేకరి ఓటు సెల్లులు మార్చే లైటుకే. ఏ ఊరి కిరాణా కొట్టులో అయినా సెల్లు దొరుకుతుంది. ఆల్కలైన్ రకం సెల్లు ధర ఎక్కువైనా పెద్ద సైజులో మామూలు దాని కన్నా రెండు మూడింతల సరుకు ఉంటుంది. అయితే రోజుకు కాసేపు మాత్రమే వాడే ఎల్ఇడికి మామూలు సెల్లు సరిపోతుంది, అంత ఖర్చు అనవసరం. మంద చూడడానికి దీనితో పాటు నెత్తికి కట్టుకునే లైటు ఒకటి ఉంటే మేలు. గొర్రె కన్ను, కుక్క కన్ను, నక్క కన్ను వెలుగు పడితే తళుక్కున మెరుస్తాయి. లోపల అద్దం వంటి పొర ఉండడమే కారణం. ఆ మెరుపు వచ్చిన దారినే తిరిగి వెళుతుంది కనుక లైటు మన కంటి పక్కన ఉంటేనే బాగా కనిపిస్తుంది. నడుము దగ్గర పట్టుకున్న లైటుకు సగం మంద కానరాదు. ఈ సంగతి కాపరులకు ఎవరూ చెప్పనక్కరలేదు, వారు లైటును చెంప పక్కన పెట్టుకునే చూస్తారు.

కాలువ మీదకు పోయే రైతుకు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఒక చేతిలో పార, ఒక చేతిలో తూము. నెత్తిలైటే సరైనది. ఇంటికి రాగానే చార్జి పెట్టుకోగలడు కనుక లిథియం రకం తీసుకోవచ్చు. చిన్న వెలుగు మీట తప్పనిసరి. తెల్లని వెలుగు కన్నా పసుపు ఛాయ ఉన్న వెలుగుకు పురుగులు తక్కువగా వస్తాయి. వానాకాలం నెత్తిలైటు పెట్టుకుని నోరు తెరిచిన వారికి దీని విలువ తెలుసు. చెప్పుల సంగతి వేరే చెప్పాలా? లైటు ఎంత మంచిదైనా కాలికి నిండు బూటు లేకపోతే సగం రక్షణే.

మిల్లుల దగ్గర వరుసలో ఉండే ట్రాక్టరు రైతులు వెనక ఎర్ర లైటు మినుకుమనే రకం చూసుకోవాలి. ట్రాలీ వెనక లైటు లేక హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద జరిగే ప్రమాదాలు అందరికీ తెలిసినవే. రాత్రి ట్రాలీ ఆపిన చోట దానిని వెనక తగిలిస్తే మొత్తం రాత్రి వెలిగినా పెద్దగా చార్జి తినదు.

జాతరకు, మేళ్లచెరువు శివరాత్రికి, జాన్‌పహాడ్ ఉర్సుకు పోయే కుటుంబాలకు రెండు చిన్న లైట్లు కావాలి గాని ఒక పెద్దది కాదు. ఒకటి పరదాకు వేలాడదీయాలి, ఒకటి చేతిలో ఉండాలి. రాత్రికి నాలుగు గంటల చొప్పున మూడు రాత్రులంటే పన్నెండు గంటలు. చిన్న వెలుగు మీద ఏ మంచి లైటైనా ఇస్తుంది. వేలాడే లైటు మీద తెల్లని ప్లాస్టిక్ డబ్బా బోర్లిస్తే కళ్లలో గుచ్చుకోకుండా వెలుగు చుట్టూ పరుచుకుంటుంది. నిండు నీళ్ల సీసా కింద పెట్టినా అంతే.

కొట్టు దగ్గర

దుకాణదారు లైటును ఎదురుగా ఉన్న మేడ మీదికి కొట్టి చూపిస్తాడు. మీరు నేల మీదికి కొట్టి చూడండి. నడుమ ఒక్క తెల్లని చుక్క, చుట్టూ చీకటి అయితే నడకకు పనికి రాదు. చుక్క చుట్టూ చాప వెడల్పు మెత్తని వెలుగు ఉండాలి. తరువాత మీట ఎన్నిసార్లు నొక్కితే చిన్న వెలుగు వస్తుందో చూడండి. కొన్నింటికి ఒక వెలుగుకూ ఇంకో వెలుగుకూ మధ్య పోలీసు జీపులా టపటపా కొట్టుకునే లైటు పెట్టారు. అది ఎవరికి కావాలో అర్థం కాదు. ఊదా రంగు లైటు ఉన్నవి కూడా వస్తున్నాయి. దొంగ నోట్లు చూడడానికని అంటారు. దాని వెలుగులో తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. ఇది మాత్రం నిజం, రాళ్ల మీద పడుకునే వారికి నిజంగా పనికి వచ్చేదే.

సెల్లు బయటికి తీయగలమా అన్నది అడగాలి. అతికించి పెట్టిన లైటులో సెల్లు పోతే లైటు పోయినట్టే. మూతకు రబ్బరు వాచరు ఉండాలి. ఐపిఎక్స్ 4 అని రాసి ఉంటే ఎటు నుంచి నీళ్లు చిమ్మినా తట్టుకుంటుంది. ఐపిఎక్స్ 7 అయితే మీటరు లోతు నీటిలో అరగంట పడినా ఫరవాలేదు. వానకు మొదటిది చాలు, కాలువ పని ఉన్నవారు రెండవది చూసుకోవచ్చు. లిథియం సెల్లు మీద భారత ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషన్ గుర్తు చూడాలి. ఉబ్బిన సెల్లును వెంటనే తీసేయాలి. పరుపు మీద, గడ్డివాము పక్కన చార్జి పెట్టరాదు. ఎండలో నిలిపిన ట్రాక్టరు పెట్టెలో పడేయరాదు. నల్ల రంగు లైటు బురదలో పడితే మళ్లీ దొరకదు. పసుపుదో ఎర్రదో తీసుకుని, దానికి తాడు కట్టి మెడలో వేసుకోవడం మంచిది.

ధర సంగతికి వస్తే, దండెం మీద వెలిగిన నాలుగింటిలో అన్నింటికన్నా ఖరీదైనది రెండు గంటలకు ఆరింది. నాలుగు రాత్రులు నడిచిన చిన్నది దాని ధరలో సగం కూడా లేదు. తాత రకం లైటుకు ఇంట్లో పాత గొట్టం ఉంటే బల్బు, సెల్లుల ఖర్చు మాత్రమే.

సెల్లుల లైటు వాడేవారు పాతదీ కొత్తదీ కలిపి వేయరాదు. బలహీనమైన సెల్లు ముందుగా అయిపోయి కారుతుంది. నెలల తరబడి వాడకపోతే సెల్లులు బయటికి తీసి పెట్టాలి. తీయడం మరిచిపోతామనుకుంటే ఒక సెల్లును తిరగేసి ఉంచినా సంచీలో మీట ఒత్తుకుని వెలగదు. స్ప్రింగుకు తెల్లని పొడి పడితే గరుకు కాగితంతో గీకి శుభ్రం చేయాలి. చాలా లైట్లు పాడవలేదు, ఆ పొడి పట్టి ఊరుకున్నాయంతే. మా ఇంట్లో ఇప్పుడు తలుపు పక్కన మేకుకు వేలాడుతున్నది రెండు సెల్లులదే. దాని మీద దెబ్బలకు వేసే పట్టీ ముక్క ఒకటి అతికించి, సెల్లులు మార్చిన తేదీ బాల్ పెన్నుతో రాసి పెట్టాము. కొట్టు అతను ఎన్ని రాత్రులు వస్తుందో చెప్పలేకపోయినా ఆ పట్టీ చెబుతున్నది.